రికార్డు గదికి చేరని ప్రేమకథలు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, డి.ఆర్. బకాయిల గురించీ, ఆరోగ్య పథకం గురించీ రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు, నన్ను వదిలేయండి అన్నాను. ఆయన వదలలేదు. "మీకు పాత మూకీ సినిమాల పిచ్చి ఉంది కదా గురువుగారూ, దాని గురించే రాయండి" అన్నారు. పెన్షనర్ల పత్రికలో మూకీ ప్రేమకథలేమిటి అని మిత్రులు నవ్వుకోవచ్చు. కానీ ఇది అచ్చంగా మన ఉద్యోగానికి సంబంధించిన విషయమే. ఏ కాగితం ఉంచాలి, ఏ కాగితం తగలబెట్టాలి అన్న ప్రశ్న మన అందరికీ తెలిసినదే కదా.

నా ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో పదకొండేళ్ళు రికార్డు గదిలోనే గడిచాయి. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసినది, డి.డిస్. అంటే పదేళ్ళు ఉంచవలసినది, ఎల్.డిస్. అంటే ఏడాది కాగానే పోవలసినది. ఈ మూడు ముద్రలతో లోకాన్నంతా విభజించవచ్చు అనుకునే రోజులు అవి. మూకీ యుగంలో వచ్చిన ప్రేమకథా చిత్రాలన్నిటికీ సినిమా కంపెనీల వారు ఎల్.డిస్. ముద్రే వేశారు. ఈనాడు అందులో ఏవైనా మిగిలి ఉన్నాయంటే, ఆ ముద్రను లెక్కచేయని కొందరు మనుషుల వల్లనే మిగిలాయి. ఆ మనుషులను గురించే ఈ నాలుగు మాటలు.

షిరాజ్ చూసిన రాత్రి

2017 నవంబరులో హైదరాబాదులో 'షిరాజ్' అనే మూకీ చిత్రాన్ని ప్రదర్శించారు. 1928లో తీసిన చిత్రం అది. హిమాంశు రాయ్ నిర్మాత, నాయకుడు కూడా ఆయనే. ఫ్రాంజ్ ఆస్టెన్ అనే జర్మన్ దర్శకుడు తీశాడు. లండన్‌లోని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు దానిని శుభ్రం చేసి కొత్త ప్రింటు తయారు చేస్తే, రవిశంకర్ గారి అమ్మాయి అనౌష్క శంకర్ సంగీతం సమకూర్చి, తెర ముందు తన బృందంతో కూర్చుని వాయించారు. మా అబ్బాయి రెండు టిక్కెట్లు తెచ్చి ఇచ్చాడు. మా ఆవిడ "మాటలు లేని సినిమాకు రెండు గంటలు ఎలా కూర్చుంటాం" అంటూనే బయలుదేరింది.

కథ తాజమహల్ మీద అల్లిన కల్పన. కుమ్మరి కొడుకు షిరాజ్. అదే ఇంట్లో పెరిగిన పిల్ల సెలీమా. బానిసల వ్యాపారులు ఆ పిల్లను ఎత్తుకుపోయి అమ్మేస్తారు. ఆమె యువరాజు ఖుర్రం ఇంటికి చేరుతుంది. షిరాజ్ వెతుక్కుంటూ వెళ్ళి, దొరికిపోయి, ఏనుగు కాలి కింద పడవలసిన శిక్షకు గురవుతాడు. ప్రాణం దక్కుతుంది గానీ ప్రేమ దక్కదు. సెలీమా రాణి ముంతాజ్ అవుతుంది. ఆమె పోయిన తర్వాత, కళ్ళు పోయిన షిరాజే ఆ సమాధికి నమూనా తయారు చేస్తాడు. చరిత్రలో ఇలాంటిదేమీ లేదు. అయినా హాలులో చప్పుడు లేదు. ఇంటికి వస్తూ దారిలో మా ఆవిడ ఒకే మాట అంది: "మాట లేకపోయినా ఆ పిల్ల ఏమనుకుంటోందో నాకు తెలుస్తూనే ఉంది."

ఆ మాట నన్ను పట్టుకుంది. అప్పటికి రిటైరై తొమ్మిదేళ్ళు. చేతిలో కాలం ఉంది. మా మనవడు కంప్యూటరులో వెతికి పెడుతుంటే ఒక్కొక్క మూకీ చిత్రమే చూడడం మొదలుపెట్టాను. వాటి గురించి చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ చిత్రాల కథల కంటే, ఆ చిత్రాలు మన దాకా ఎలా వచ్చాయన్న కథే నాకు ఎక్కువ ఆసక్తిగా తోచింది.

మాట లేని ప్రేమ

మూకీ ప్రేమకథ అంటే ఎలా ఉంటుందో చూడని మిత్రుల కోసం ఒక ఉదాహరణ చెబుతాను. 1927లో ఫ్రాంక్ బోర్జేజ్ దర్శకత్వంలో ఫాక్స్ కంపెనీ వారు 'సెవెంత్ హెవెన్' తీశారు. పారిస్ నగరంలో మురుగు కాలువలు శుభ్రం చేసే చికో అనే కుర్రవాడు. అక్క చేతి దెబ్బలు తిని వీధిన పడ్డ డయాన్ అనే పిల్ల. అతను ఆమెను ఏడో అంతస్తులో ఉన్న తన గదికి తీసుకువెళతాడు. వాళ్ళు ఒక్కొక్క అంతస్తే మెట్లెక్కుతుంటే కెమెరా కూడా వాళ్ళతో పాటే పైకి లేస్తుంది. ఇంతలో యుద్ధం వస్తుంది. రోజూ పదకొండు గంటలకు ఎక్కడ ఉన్నా ఒకరినొకరు తలచుకోవాలని ఇద్దరూ ఒట్టు పెట్టుకుంటారు. ఆ వేళకు ఇక్కడ ఆమె కళ్ళు మూసుకుంటుంది, అక్కడ కందకంలో అతను కళ్ళు మూసుకుంటాడు. అంతే. మాట అవసరం లేదు. జానెట్ గేనర్ ఈ చిత్రానికీ, 'స్ట్రీట్ ఏంజెల్', 'సన్‌రైజ్' చిత్రాలకూ కలిపి, 1929లో జరిగిన మొట్టమొదటి ఆస్కార్ సభలో ఉత్తమ నటి బహుమతి అందుకుంది.

హాస్య చిత్రాలలో పరుగులూ, పడడాలూ ఉంటాయి. సాహస చిత్రాలలో గుర్రాలూ, కత్తులూ ఉంటాయి. ప్రేమకథలో ముఖం తప్ప మరేమీ లేదు. తెర నిండా ముఖాన్ని చూపించి, దాని మీద ఒక్కొక్క భావం వచ్చిపోవడం చూడనిస్తారు. ప్రింటు బాగుంటేనే ఆ కంటి తడి కనిపిస్తుంది. నకలు తీసిన ప్రింటుకు మళ్ళీ నకలు తీస్తే ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోతుంది. అందుకే సేకరించేవాళ్ళు ప్రేమకథా చిత్రాల విషయంలో తొలినాటి ప్రింటు కోసం అంత తపించేవారు. పైగా ఆ రోజుల్లో ప్రింట్లకు రంగులు అద్దేవారు. రాత్రి దృశ్యానికి నీలం, దీపపు వెలుగుకు పసుపు, నిప్పుకు ఎరుపు. వెన్నెలలో కలుసుకున్న ప్రేమికులు నీలం రంగులోనే కనబడాలి. నకళ్ళలో ఈ రంగులు చాలా వరకు పోయాయి.

ఎల్.డిస్. ముద్ర

1927లో 'జాజ్ సింగర్' వచ్చింది. రెండు మూడేళ్ళలో అమెరికాలో మూకీ చిత్రాలకు కాలం చెల్లింది. మాట్లాడే బొమ్మ వచ్చాక మాట్లాడని బొమ్మను డబ్బు పెట్టి చూసేదెవరు? గోదాములలో పడి ఉన్న రీళ్ళు కంపెనీలకు భారమైపోయాయి. వాటిలో వెండి ఉంది గనుక కొన్నిటిని కరిగించారు. కొన్నిటిని చోటు కోసం పారేశారు.

మిగిలిన వాటిని నిప్పు తీసుకుంది. 1950 ప్రాంతం దాకా సినిమా ఫిల్మును నైట్రేటుతో తయారు చేసేవారు. అది తుపాకి మందుకు దగ్గరి చుట్టం. ఒకసారి అంటుకుంటే తనకు కావలసిన ప్రాణవాయువును తనే పుట్టించుకుంటుంది గనుక నీళ్ళలో ముంచినా ఆరదు. కాలకుండా మిగిలినా, వేడికీ తేమకీ జిగురులా మారి, చివరకు పొడైపోతుంది. 1937 జులైలో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీ అనే ఊళ్ళో ఫాక్స్ కంపెనీ గోదాము అంటుకుని, ఆ సంస్థ మూకీ చిత్రాల నెగెటివులు చాలా వరకు ఒక్క దెబ్బన పోయాయి. 'సన్‌రైజ్' నెగెటివు కూడా అలాగే పోయింది. మనం చూసేది మిగిలిన ప్రింట్ల నుంచి తీసినది.

అమెరికా ప్రభుత్వపు గ్రంథాలయం, అంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, 2013లో ఒక లెక్క ప్రకటించింది. 1912 నుంచి 1929 వరకు అమెరికాలో దాదాపు 11,000 పెద్ద మూకీ చిత్రాలు వచ్చాయి. వాటిలో మొదట విడుదలైన రూపంలో పూర్తిగా మిగిలినవి నూటికి 14 మాత్రమే. మరో 11 శాతం విదేశీ ప్రింట్ల రూపంలోనో, ఇళ్ళలో చూసుకునే చిన్న ఫిల్ముల రూపంలోనో మిగిలాయి. ఈ 11 శాతం అన్న అంకె దగ్గర నేను ఆగిపోయాను. అవి కంపెనీ వారి రికార్డు గదిలో మిగిలినవి కావు, దూర దేశాలలోనో, ఎవరి ఇంటి పెట్టెలలోనో మిగిలినవి.

దూర దేశాలకు ఎలా చేరాయంటే, మూకీ చిత్రానికి భాష అడ్డు కాదు. మధ్యమధ్య వచ్చే అక్షరాల ముక్కలు కత్తిరించి ఆ దేశపు భాషలో అతికిస్తే సరిపోతుంది. ప్రేమకథ ఏ దేశంలోనైనా అర్థమవుతుంది గనుక అమెరికా చిత్రాలు లోకమంతా తిరిగాయి. ఊరూరూ తిరిగి చివరి ఊరు చేరిన ప్రింటును, ఓడ ఖర్చు పెట్టి వెనక్కి తెప్పించుకోవడం దండగ అని కంపెనీలు వదిలేసేవి. కెనడాలో మంచు సీమలోని డాసన్ సిటీ అలాంటి చివరి ఊరు. అక్కడ పాత ఈత కొలనులో పూడ్చిపెట్టిన 500 పైచిలుకు రీళ్ళు 1978లో తవ్వకాలలో బయటపడ్డాయి. చలి వాటిని కాపాడింది.

హార్లెం పెద్దమనిషి డబ్బాలు

ఇప్పుడు అసలు ఉదాహరణకు వస్తాను. 1922 మే నెలలో పారమౌంట్ వారు 'బియాండ్ ది రాక్స్' అనే చిత్రం విడుదల చేశారు. ఎలినార్ గ్లిన్ రాసిన నవల దానికి ఆధారం. దర్శకుడు శామ్ వుడ్. నాయిక గ్లోరియా స్వాన్సన్, నాయకుడు రుడాల్ఫ్ వాలెంటినో. ఆనాటి అమెరికాలో వీరిద్దరి పేర్లూ తెలియని ఇల్లు ఉండేది కాదు. ఇద్దరూ కలిసి నటించినది ఈ ఒక్క చిత్రమే.

కథ మన పాత నవలల వంటిదే. పేదరికంలో ఉన్న తండ్రి కోసం, అక్కల కోసం థియొడోరా అనే పిల్ల ముసలి ధనవంతుణ్ణి పెళ్ళాడుతుంది. పెళ్ళికి ముందు ఆమెను నీళ్ళలో మునిగిపోకుండా కాపాడిన యువకుడే, పెళ్ళయ్యాక ఆల్ప్స్ కొండల్లో లోయలో పడిపోకుండా కాపాడతాడు. ఇద్దరికీ మనసు కలుస్తుంది. కానీ ఆమె ధర్మం తప్పదు. ఒకనాడు ప్రియుడికొకటి, భర్తకొకటి ఉత్తరాలు రాస్తుంది. గిట్టని మనిషి ఒకతె కవర్లు మార్చేస్తుంది. ప్రియుడికి రాసిన వీడ్కోలు ఉత్తరం భర్త చేతిలో పడుతుంది. ఆయన కోపగించుకోడు. తాను అడ్డు తప్పుకోవాలని ఆఫ్రికా ఎడారికి ప్రమాదకరమైన యాత్రకు బయలుదేరి, అక్కడ ప్రాణం విడుస్తూ ఇద్దరినీ ఒకటి చేస్తాడు. తపాలా శాఖలో పనిచేసిన మన మిత్రులు ఆ కవర్లు మార్చే ఘట్టం చూసి తీరాలి.

వాలెంటినో 1926 ఆగస్టులో 31 ఏళ్ళకే చనిపోయాడు. న్యూయార్కులో ఆయన శవాన్ని చూడడానికి వచ్చిన జనం తోపులాటలో దుకాణాల అద్దాలు పగిలాయి. స్వాన్సన్ చాలాకాలం బతికింది. 1950లో 'సన్‌సెట్ బులెవార్డ్' చిత్రంలో, లోకం మరిచిపోయిన మూకీ తారగా నటించి మెప్పించింది. కానీ 'బియాండ్ ది రాక్స్' మాత్రం ఎక్కడా లేకుండా పోయింది. నిమిషం పాటు నడిచే ఒక ముక్క తప్ప ఏమీ మిగలలేదని అందరూ తేల్చేశారు. 1983లో స్వాన్సన్ కూడా వెళ్ళిపోయింది.

నెదర్లాండ్సులో హార్లెం అనే ఊరు ఉంది. ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన జీవితమంతా సినిమా రీళ్ళు సేకరించాడు. 2000లో ఆయన కాలం చేశాక, కుటుంబం వారు ఆ తుప్పు పట్టిన డబ్బాలను ఆమ్‌స్టర్‌డాములోని సినిమా మ్యూజియానికి ఇచ్చేశారు. దాదాపు 2,000 డబ్బాలు. డబ్బా మీద పేరు ఒకటి, లోపల బొమ్మ మరొకటి. మ్యూజియం ఉద్యోగులు ఒక్కొక్కటీ విప్పి చూసుకుంటూ పోతుంటే, 2003లో ఒక డబ్బాలో స్వాన్సన్ ముఖం కనబడింది. మిగతా రీళ్ళు ఒకచోట లేవు. ఏ డబ్బా ఎక్కడ ఉందో వెతుకుతూ 2004 దాకా ఒక్కొక్కటే పోగు చేశారు. చివరకు దాదాపు చిత్రమంతా దొరికింది. అక్షరాల ముక్కలు డచ్చి భాషలో ఉన్నాయి. 2005 ఏప్రిలులో ఆమ్‌స్టర్‌డాములోనూ, ఆ తర్వాత కేన్స్ ఉత్సవంలోనూ ప్రదర్శించారు. 83 ఏళ్ళ తర్వాత ఆ ఇద్దరూ మళ్ళీ తెర మీద కలుసుకున్నారు.

రికార్డు గదిలో పనిచేసిన వాడిగా నన్ను కదిలించినది ఆ 2003, 2004 సంవత్సరాల పనే. పేరు తప్పు రాసిన కట్టలు, వరస తప్పిన భాగాలు, దుమ్ము. పేజీ దొరక్క ఆగిపోయిన ఫైలు మూడు నెలల తర్వాత వేరే కట్టలో దొరికినప్పుడు కలిగే సంతోషం మనలో ఎంతమందికి తెలియదు?

దొరల చట్టం, దొంగల భక్తి

సేకరించేవాళ్ళను లోకం మెచ్చుకున్నది ఇటీవలే. చట్టం దృష్టిలో వారిలో చాలామంది తప్పు చేసినవాళ్ళే. సినిమా కంపెనీలు ప్రింటును ఎవరికీ అమ్మేవి కావు, అద్దెకు ఇచ్చేవి. ఆట అయిపోయాక తిరిగి ఇవ్వాలి, లేదా ధ్వంసం చేయాలి. అందువల్ల ఒక మనిషి ఇంట్లో ప్రింటు ఉందంటే, అది ఎలా వచ్చిందన్న ప్రశ్న ఎదురయ్యేది. 1974 డిసెంబరులో రాడీ మెక్‌డవల్ అనే పేరున్న హాలీవుడ్ నటుడి ఇంటి మీద అమెరికా పోలీసు సంస్థ ఎఫ్.బి.ఐ. దాడి చేసి, ఆయన దాచుకున్న చిత్రాలన్నీ పట్టుకుపోయింది. చివరకు ఆయన మీద కేసు పెట్టలేదు గానీ, ఆ దెబ్బకు సేకరించేవాళ్ళందరూ భయపడిపోయారు.

ఇళ్ళలో చూసుకోవడానికి చట్టబద్ధంగా అమ్మిన చిన్న ఫిల్ములు కూడా కొన్ని ఉండేవి. ఫ్రాన్సులో పాథే వారు 1922లో తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఫిల్ము, అమెరికాలో కొడాక్ వారు 1923లో పదహారు మిల్లీమీటర్ల ఫిల్ము తెచ్చారు. ఇవి అంటుకోని ఫిల్ములు. కెవిన్ బ్రౌన్లో అనే ఇంగ్లీషు కుర్రవాడు బడి రోజుల్లోనే ఆ చిన్న ఫిల్ము మీద 'నెపోలియన్' చిత్రపు ముక్కలు చూసి, దాని మిగతా భాగాల కోసం జీవితమంతా వెతికాడు. అంతరించిపోయిందనుకున్న ఆ చిత్రాన్ని మళ్ళీ నిలబెట్టాడు.

ప్రేమకథల మీద వీళ్ళకు ఎందుకంత మమకారం అని నేను ఆలోచించాను. దొరకని దాన్ని వెతకడమే ప్రేమకథ. సేకరించేవాడి కథ కూడా అదే. గ్రెటా గార్బో నటించిన 'ది డివైన్ ఉమన్' అనే 1928 నాటి చిత్రం మొత్తం పోయింది. 1993లో మాస్కో భాండాగారంలో తొమ్మిది నిమిషాల ఒక్క రీలు బయటపడింది. ఆ రీలులో సైనికుడు ప్రియురాలి దగ్గర సెలవు తీసుకుంటాడు. ముందు ఏమయిందో, తరువాత ఏమయిందో తెర మీద లేదు. ఆ తొమ్మిది నిమిషాలనే లోకమంతటా మళ్ళీ మళ్ళీ చూస్తున్నారు.

మన ఇంటి సంగతి

ఇక మన దేశం సంగతి. మన దేశంలో సుమారు 1,300 మూకీ చిత్రాలు తయారయ్యాయి. ఈనాడు మిగిలినవి ముప్ఫైకి మించవు. వాటిలో చాలా వరకు ముక్కలే. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవు 1964లో ఏర్పడింది. అప్పటికే ఆలస్యమైపోయింది. పి.కె. నాయర్ గారు దానికి ప్రాణం పోశారు. నాసిక్ వెళ్ళి ఫాల్కే గారి కుటుంబం దగ్గర మిగిలిన రీళ్ళు సంపాదించిన మనిషి ఆయన. ప్రభుత్వోద్యోగి అయి ఉండి కూడా, సేకరించేవాడి పిచ్చి ఉన్న మనిషి. 2016లో పరమపదించారు.

తెలుగువారి మూకీ చరిత్ర మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య గారితో మొదలవుతుంది. మద్రాసులో గెయిటీ థియేటరు కట్టించిన వారు ఆయనే. ఆయన కుమారుడు ప్రకాశ్ గారు విదేశాలలో పని నేర్చుకుని వచ్చి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. దానినీ మనం ప్రేమకథ అనవచ్చు. తండ్రి శంతనుడు సత్యవతిని కోరడం వల్లనే కదా కొడుకు ఆ ప్రతిజ్ఞ చేయవలసి వచ్చింది. భీష్ముడుగా ప్రకాశ్ గారే నటించారు. ఆ చిత్రం నుంచి ఒక్క అడుగు ఫిల్ము కూడా మిగలలేదు. మన మొదటి టాకీ, 1932 నాటి 'భక్త ప్రహ్లాద' కూడా మిగలలేదు.

ఇక్కడ మనలాంటి గుమాస్తాలకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చే సంగతి ఒకటి ఉంది. 1927లో ప్రభుత్వం మద్రాసుకు చెందిన టి. రంగాచారియారు గారి అధ్యక్షతన సినిమాల మీద విచారణ సంఘం వేసింది. సంఘం దేశమంతా తిరిగి, సాక్ష్యాలు తీసుకుని, 1928లో నివేదిక ఇచ్చింది. మన హాళ్ళలో ఆడేవి అత్యధికం విదేశీ చిత్రాలే అని తేల్చింది. ఆ నివేదికా, సాక్ష్యాల సంపుటాలూ ఈనాటికీ భద్రంగా ఉన్నాయి. ఎవరో మనలాంటివాళ్ళు వాటికి ఆర్.డిస్. వేశారు. అవి ఏ చిత్రాల గురించి మాట్లాడుతున్నాయో ఆ చిత్రాలు మాత్రం లేవు.

గులాబి రంగు కాగితం

చివరగా, నాకు ఈ పిచ్చి ఎందుకు పట్టిందో నిజం చెప్పాలి.

పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించిన 1983వ సంవత్సరాన్ని మనలో ఎవరూ మరిచిపోలేరు. ఒక్కరోజున పెద్దలందరూ వెళ్ళిపోతే, ఒక కోస్తా జిల్లా ఆఫీసులో రికార్డు గది తాళాలు నా చేతికి వచ్చాయి. గది నిండిపోయింది, గడువు తీరిన వాటికి జాబితా వేయమన్నారు. సినిమా లైసెన్సుల పాత ఫైళ్ళ కట్టలు చాలా తగిలాయి. 1918 చట్టం వచ్చినప్పటి నుంచి డేరా సినిమాలకు కూడా లైసెన్సు కావాలి కదా. దరఖాస్తుతో పాటు కొందరు ఆట తాలూకు కరపత్రం కూడా జతపరిచేవారు.

ఒక ఫైలులో గులాబి రంగు కరపత్రం ఒకటి ఉంది. మూకీ చిత్రానిది. అచ్చుదిమ్మతో వేసిన ఆడ మగ ముఖాలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. కింద రెండు ఆటల వేళలు, స్త్రీలకు ప్రత్యేక స్థలం ఉందన్న మాట. మా నాన్నగారు 1917లో పుట్టారు. చిన్నప్పుడు డేరాలో మూకీ చూశానని, తెర పక్కన ఒకాయన నిలబడి అక్షరాలను తెలుగులో గట్టిగా చదివేవాడని, హార్మోనియం వాయించేవారని చెబుతుండేవారు. ఆ కాగితం ఆయనకు చూపించాలనిపించింది. సాయంత్రం దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. ఆఫీసు కాగితం ఇంటికి తీసుకుపోవడం తప్పు. వెనక్కి వెళ్ళి ఫైలులో పెట్టేశాను. జాబితాలో ఆ ఫైలు నెంబరు నా చేతితోనే రాశాను. పై అధికారి సంతకం అయింది. రెండు వారాల తరువాత ఆఫీసు వెనక దొడ్లో కట్టలన్నీ తగలబెట్టించింది కూడా నేనే.

నిబంధన ప్రకారం నేను చేసినదాంట్లో ఒక్క పొరపాటు లేదు. ఆడిట్ వారు వచ్చి చూసినా వేలు పెట్టి చూపించలేరు. అయినా ఆ చిత్రం పేరు ఇప్పుడు నాకు గుర్తు లేదు. ఆ ఊళ్ళో ఆ డేరా ఆడిందని చెప్పే కాగితం మరొకటి ఉందో లేదో కూడా తెలియదు. కనీసం పై అధికారిని "ఇది ఉంచుదామా సార్" అని అడిగి ఉండవలసింది. "శాశ్వతంగా ఉంచవలసినది" అని ఒక్క చీటీ రాసి పెట్టే అధికారం గుమాస్తాకు లేకపోవచ్చు. అడిగే నోరు మాత్రం ఉంది కదా. ఆ రోజు నేను కూడా మూకీ అయిపోయాను.

అందుకే హార్లెం పెద్దమనిషి గురించి చదివినప్పుడు నాకు చేతులెత్తి నమస్కరించాలనిపించింది. ఆయన డబ్బాలు ఎలా వచ్చాయో నేను అడగను. ఆయన కాపాడి ఉండకపోతే ఆ ముఖాలు లేవు.

మన సభ్యులందరికీ ఒక మనవి. అటక మీద, పాత ట్రంకు పెట్టెలలో ఏమున్నాయో ఒకసారి చూడండి. పాత సినిమా పాటల పుస్తకాలు, కరపత్రాలు, గోడ పత్రికలు, పెళ్ళిలో తీసిన చిన్న ఫిల్ము చుట్టలు ఏవైనా ఉంటే చిత్తుకాగితాల వాడికి వేయకండి. ఫిల్ము చుట్ట నుంచి పులిసిన వాసన వస్తుంటే మూత పెట్టి వదిలేయకుండా, తెలిసినవారికి చూపించండి. పుణెలోని ఆర్కైవును 2022లో ఎన్.ఎఫ్.డి.సి.లో కలిపారు. పాత చిత్రాలూ, వాటి కాగితాలూ భద్రపరిచే పని అక్కడ సాగుతోంది. ఒక ఉత్తరం రాయండి. ఉత్తరం రాయడం మనకు కొత్త కాదు కదా.

ఎవరి పెట్టెలోనైనా గులాబి రంగు కాగితం ఒకటి కనబడితే, దయచేసి నాకు కూడా ఒక్కసారి చూపించండి.